సన్యాసమ్మ ఉపవాసం

రెండువేల నలభై మూడు నవంబరు పదో తేదీ, మంగళవారం, పొద్దున్న పదకొండు గంటల పది నిమిషాలు. విజయనగరం పొలిమేరల్లోని గోస్తని క్రీడా శిక్షణాలయంలో హన్విక అద్దాల అరుగు మీద చెప్పుల్లేకుండా నిలబడి, ముక్కుకి క్లిప్పు పెట్టుకుని, తెల్లటి గొట్టంలోకి ఊపిరి వదులుతోంది. గాజు గోడకి ఇవతల బెంచీ మీద ఆమె నానమ్మ సన్యాసమ్మ కళ్ళు మూసుకుని పైడితల్లి అమ్మవారిని తలుచుకుంటోంది.

హన్వికకి పదహారేళ్ళు. బరువులెత్తే పిల్ల. ఆ వయసు వాళ్ళలో ఆమె ఎత్తినంత బరువు జిల్లాలో ఇంకెవరూ ఎత్తలేదు. ఈ రోజు గట్టెక్కితే శిక్షణాలయంలో సీటు, హాస్టలు, కోచ్, అన్నీ వస్తాయి. లేకపోతే మళ్ళీ ఇంటి వెనక రేకుల షెడ్డూ, తండ్రి గౌరునాయుడు పాత బ్యాటరీ డబ్బాల్లో సిమెంటు పోసి చేసిచ్చిన బరువులూనే. వచ్చే ఏడాదికి వయసు దాటిపోతుంది. అందుకని ఆ ఇంట్లో నలుగురి ఊపిరీ ఆ గొట్టంలోనే ఉంది.

ఆ అరుగు సంగతి కాస్త చెప్పుకోవాలి.

అంతకుముందు ఎన్నో ఏళ్ళు అన్ని ఆటల పిల్లలకీ ఒకటే పరీక్ష ఉండేది. నేల మీద రెండు గీతలు గీస్తారు. స్పీకర్లో బీప్ మోగేలోగా ఈ గీత నుంచి ఆ గీతకి పరుగెత్తాలి. బీప్‌ల జోరు పెరుగుతూ పోతుంది. వెనకబడిన వాళ్ళు ఇంటికి పోతారు. హాకీ ఆడే పిల్లకి అది బాగానే సరిపోతుంది, ఆమె ఆటంతా అలాంటి పరుగే కాబట్టి. విల్లు పట్టే పిల్లకి దాంతో పనేముంది? ఆమె నిలబడ్డ చోటి నుంచి కదలదు. ఆమెకి కావలసింది చెయ్యి వణక్కపోవడం. బరువులెత్తే పిల్లకి కావలసింది ఉన్న బలమంతా ఒక్క గుక్కలో బయటికి తీయడం. చక్రాల కుర్చీలో బాస్కెట్‌బాల్ ఆడే పిల్లల్నయితే ఆ గీతల దరిదాపులకే రానిచ్చేవారు కాదు. ఎందరు మంచి పిల్లలు తమది కాని పరీక్షలో ఓడిపోయి ఇళ్ళకి పోయారో లెక్క లేదు.

డాక్టర్ నస్రీన్ ఆ అన్యాయం చూడలేక ఈ అరుగు తయారుచేసింది. నరసరావుపేట అమ్మాయి ఆమె, కండరాల మీద పరిశోధన చేసి వచ్చింది. ఆమె యంత్రానికి ఏదో పొడుగాటి ఇంగ్లీషు పేరుంది. ఊళ్ళో మాత్రం అందరూ అరుగు అనే అంటారు. అరుగు మార్కులు వేయదు. ఎవరికి ఏ పరీక్ష పెట్టాలో చెబుతుంది, అంతే. గాజు కింద సెన్సర్లు పాదాల మీద బరువు ఎలా పడుతోందో, కండరాలు ఎలా వణుకుతున్నాయో చూస్తాయి. గొట్టంలోకి వచ్చే ఊపిరిని బట్టి ఒళ్ళు లోపల ఏం మండుతోందో తెలుస్తుంది. పొగ వాసన పట్టి పొయ్యిలో ఉన్నది పుల్లలో బొగ్గులో చెప్పినట్టన్న మాట. చక్కెర మండించే ఒంటికి బలం గబుక్కున వస్తుంది. కొవ్వు మండించే ఒళ్ళు నిదానంగా, చాలా దూరం పోగలదు. ఆటా ఒళ్ళూ రెండూ కుదిరితే అరుగు ఆ ఆటకి తగిన పరీక్ష చెబుతుంది. కుదరకపోతే, ఈ ఒళ్ళు ఫలానా ఆటకి పనికొస్తుందని, దానికి తగ్గ పరీక్ష పెట్టమంటుంది.

ఊపిరి తీసుకున్నాక అరుగు మెత్తటి ఆడగొంతుతో తెలుగులోనే కొన్ని ప్రశ్నలు అడుగుతుంది. రాత్రి నిద్ర పట్టిందా? మందులేమైనా వేసుకుంటున్నావా? ఈ రోజు ఉపవాసమా?

చివరి ప్రశ్నకి హన్విక ఒకసారి గాజు గోడ వైపు చూసింది. "లేదు" అంది.

ఆ మాట సన్యాసమ్మకి వినపడలేదు. కానీ పిల్ల ఏం చెబుతుందో ఆమెకి తెలుసు. దారిలో చెప్పి తీసుకొచ్చింది కదా.

ఆ ఇంట్లో మొక్కు అంటే మొక్కినవాళ్ళకీ అమ్మవారికీ మధ్య మాట. మూడో మనిషి చెవిన పడకూడదు. సన్యాసమ్మ అత్తగారు అలాగే మొక్కుకుని గౌరునాయుణ్ణి పురిట్లో కాపాడుకుంది. ఆడపడుచుకి ఉద్యోగం వచ్చినా, ఇంటికి కప్పు పడినా, ప్రతిదాని వెనకా నోరు విప్పని ఉపవాసం ఒకటుంది. ఇవన్నీ సన్యాసమ్మకి తిథులతో సహా గుర్తు. ఒక్కసారి మాత్రం, మామగారి కంటి ఆపరేషనప్పుడు, పక్కింటావిడ అడిగితే అత్తగారు నోరు జారింది. ఆ కంటికి చూపు రాలేదు. అందుకే హన్విక పరీక్షకి రెండు రోజుల ముందు నుంచీ నానమ్మా మనవరాలూ ఒంటిపూట ఉన్నారు. పరీక్ష రోజు మంగళవారం, అమ్మవారి రోజు, కాబట్టి పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. కొడుక్కీ కోడలికీ సైతం చెప్పలేదు. వాళ్ళు లేచేసరికే ఇద్దరూ తినేశామన్నారు.

అరుగు ఒక్క నిమిషం ఆలోచించింది. తర్వాత లోపల ఏదో అంది. కోచ్ మొహం చిట్లించి, తెర మీద రెండోసారి చదువుకుని, హన్వికని బరువుల హాలుకి కాకుండా అవతలి గదికి తీసుకుపోయాడు.

"ఏటి, అటు తీసుకెళ్తన్నారు?" అంది సన్యాసమ్మ లేచి నిలబడి.

"నడక పరీక్షమ్మా. అరుగు అదే రాసింది" అన్నాడు అక్కడి మనిషి. "మీ అమ్మాయిది దూరం పోయే ఒళ్ళంట."

హన్విక కదిలే పట్టీ మీద ముప్పావుగంట నడిచింది. బరువులకి అలవాటైన కాళ్ళు, ఖాళీ కడుపు. పట్టీ దిగేసరికి ఆమె పెదాలు పాలిపోయాయి. బరువుల జట్టులో పేరు లేదు. నడక జట్టుకి చాలినంత వేగం రాలేదు. ఇంటికి పొమ్మన్నారు.

*

ఆ మధ్యాహ్నం గేటు దగ్గర జరిగింది తర్వాత లక్షల మంది ఫోన్లలో చూశారు.

గౌరునాయుడు దుకాణం మూసి పరుగున వచ్చాడు. కోడలు రమ్య కూతుర్ని పొదువుకుని గోడవారన నిలబడింది. నస్రీన్ బయటికి వచ్చి, "నన్ను ఒకసారి రీడింగులు చూసుకోనివ్వండి. మీ అమ్మాయి బరువులెత్తడం నేనూ చూశాను. ఇది నాకూ వింతగానే ఉంది" అంది.

"వింతేముంది మేడమ్? సీటు ఎవరికో ముందే ఇచ్చీసుంటారు" అన్నాడు గౌరునాయుడు ఫోను ఎత్తి పట్టుకుని. "మీ పేరు చెప్పండి, అందరూ వింటన్నారు. పూర్తి పేరు చెప్పండి."

నస్రీన్ తన పూర్తి పేరు చెప్పింది.

సన్యాసమ్మ గొంతు ఏనాడూ వీధిలోకి వినపడలేదు. కూరగాయల బండి దగ్గర బేరమాడాలన్నా కోడల్నే పంపుతుంది. అలాంటి మనిషి వంగి, గేటు ముందు దుమ్ము దోసిట్లోకి తీసి, నస్రీన్ కాళ్ళ మీద పోసింది.

"పైడితల్లి సూస్తంది" అంది. అరవలేదు. మామూలుగా మాట్లాడినట్టే అంది. "మా గుంట ఏడుపు నీ గుమ్మం ఎక్కుతాది."

నస్రీన్ తన చెప్పుల మీద దుమ్ము వైపు చూసింది. దులుపుకోలేదు. తల ఊపి లోపలికి వెళ్ళిపోయింది.

ఆ వీడియోతో ఊరు ఊరంతా లేచింది. యంత్రాన్ని నమ్మొద్దన్నారు. శిక్షణాలయం కమిటీ అరుగు మీద గుడ్డ కప్పించి, నస్రీన్‌ని సెలవు మీద పొమ్మని, నేల మీద మళ్ళీ రెండు గీతలు గీయించింది. అందరికీ మళ్ళీ ఒకటే పరుగు. ఆ వారంలో బరువుల పిల్లలు ఎనిమిది మంది ఆ బీప్‌ల దగ్గర ఓడి ఇళ్ళకి వెళ్ళారు. కొత్తవలస నుంచి చక్రాల కుర్చీలో వచ్చే ఒకమ్మాయికి, మొట్టమొదటిసారి చేతులతో తిప్పే పరీక్ష ఖాయమైంది. ఆమె పరీక్ష రోజు వచ్చేసరికి గేటు దగ్గరే వెనక్కి పంపేశారు. ఆ సంగతి రమ్య పేపర్లో చదివి చెబితే సన్యాసమ్మ "పాపం" అంది. తన చేతికీ దానికీ సంబంధం ఉందని ఆమెకి ఇంకా తెలియదు.

*

వారం తిరిగి మంగళవారం సాయంత్రం నస్రీన్ ఒక్కతే వాళ్ళింటికి వచ్చింది.

గౌరునాయుడు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. "దేనికి వచ్చారు?"

"క్షమించమని అడగడానికి" అందామె. "అన్నీ తిరగేశాను. యంత్రంలో తప్పు దొరకలేదు. కానీ పిల్ల విషయంలో తప్పు జరిగిందని నాకు కనిపిస్తూనే ఉంది. దొరకని తప్పు నాదే అవుతుంది. అది చెబుదామనే వచ్చాను."

క్షమించమని గుమ్మంలోకి వచ్చిన మనిషిని నిలబెట్టి మాట్లాడే అలవాటు ఆ ఇంట్లో లేదు. సన్యాసమ్మ కుర్చీ తుడిచి వేసింది. రమ్య కాఫీ కలిపి తెచ్చింది, పళ్ళెంలో జంతికలు పెట్టింది. నస్రీన్ గ్లాసు అందుకుని, తలుపు వెనక నిలబడ్డ హన్వికని చూసి నవ్వింది.

"రామ్మా, నువ్వూ కూర్చో. ఒక్కదాన్నే తాగితే బాగోదు."

"వద్దు మేడమ్."

"కోపమా నా మీద?"

"అయ్యో కాదు మేడమ్" అంది హన్విక కంగారుగా. "ఈ రోజు మంగళవారం కదా."

"మంగళవారమైతే?"

హన్విక నాలుక కరుచుకుని నానమ్మ వైపు చూసింది. సన్యాసమ్మ చూపు దించేసింది. నస్రీన్ గ్లాసు మెల్లగా కింద పెట్టింది.

"పరీక్ష జరిగిందీ మంగళవారమే" అంది.

నస్రీన్ హన్విక వైపు తిరిగింది.

"హన్వికా, అరుగు నిన్ను అడిగింది కదూ, ఉపవాసమా అని?"

"అడిగింది మేడమ్."

"ఏం చెప్పావు?"

"లేదన్నాను."

"ఎన్ని రోజుల నుంచి ఉన్నావు?"

ఆ ప్రశ్నకి జవాబు సన్యాసమ్మ చెప్పింది. "ముందు రెండ్రోజులు ఒంటిపూట. ఆ పొద్దు ఏటీ లేదు. నానే ఉంచినాను. సెప్పొద్దని నానే అన్నాను."

"అత్తా!" అంది రమ్య. "పొద్దున్నే తినేసిందన్నావు కదత్తా? నేను రాత్రే డబ్బాలో పెట్టిన చపాతీలేమయ్యాయి?"

"ఆవుకి ఎట్టీసినాను."

నస్రీన్ లేచి నిలబడింది. "మూడు రోజులు సరైన తిండి లేకపోతే ఒంట్లో చక్కెర అయిపోతుంది. కొవ్వు మండటం మొదలవుతుంది. దూరం నడిచేవాళ్ళ ఊపిరీ, పస్తున్నవాళ్ళ ఊపిరీ ఒకటే వాసన. అయితే అరుగు చెప్పింది నిజమే" అంది. వారం రోజులుగా నలిగిపోయిన ఆమె మొహం ఒక్కసారి వెలిగింది. మరుక్షణం ఎదురుగా ఉన్న ముసలామె మొహం చూసి, తన సంతోషానికి తనే సిగ్గుపడి కూర్చుండిపోయింది.

"అమ్మా, ఆ ప్రశ్న నేనే పెట్టాను. మా ఇంట్లో రంజాన్ నెలంతా రోజా ఉంటాం కాబట్టి తట్టింది. మాది నెలపొడుపు చూసి ఊరందరికీ తెలిసే వస్తుంది. ఉపవాసం ఉండి దాచుకునేవాళ్ళుంటారని నాకు తట్టలేదు. తట్టి ఉండాల్సింది."

"నువ్వడిగినావు తల్లీ" అంది సన్యాసమ్మ. "అడిగినోళ్ళది తప్పెలాగవుద్ది? అమ్మవారి పేరు సెప్పి గుంట సేత అబద్ధమాడించినాను నాను. ఆ అబద్ధం ఎట్టుకుని అమ్మవారి పేరే సెప్పి నీ మీద దుమ్ము పోసినాను." ఎటో చూస్తూ అడిగింది. "మీ ఇంటికాడ అందరూ బాగున్నారా?"

నస్రీన్ ఒక్క క్షణం తటపటాయించింది. "మా పాపకి నాలుగు రోజులుగా జ్వరం. ఫరవాలేదు, తగ్గుతోంది."

సన్యాసమ్మ పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మీ మాటకి వచ్చింది కాదమ్మా. దోమకి వచ్చింది" అంది నస్రీన్ నవ్వడానికి ప్రయత్నిస్తూ. "మా వీధిలో పిల్లలందరికీ ఉంది. అందరి మీదా దుమ్ము పోశారా మీరు?"

రమ్యకి నవ్వొచ్చింది కానీ ఆపుకుంది. సన్యాసమ్మకి నవ్వు రాలేదు. డెబ్భై ఏళ్ళుగా ఎవర్నీ ఒక మాట అనని నోరు, అన్న ఒక్కసారీ ఏ పాపం ఎరగని మనిషిని అంది. చక్రాల కుర్చీ పిల్ల గేటు దగ్గర నుంచి వెనక్కి తిరగడం ఆమెకి ఇప్పుడు కనిపించింది. ఆ పిల్లని ఆమె ఎప్పుడూ చూడలేదు. అయినా కనిపించింది.

"ఇది కమిటీకి చెప్పాలి" అంది నస్రీన్ మెల్లగా. "మీ అనుమతి ఉంటేనే."

గౌరునాయుడు మెడ రుద్దుకున్నాడు. "మా పేరు లేకుండా చెప్పలేరా మేడమ్ గారూ? ఆ వీడియో పెట్టింది నేను. నలుగురిలో తలెత్తుకోలేను."

"నీ వీడియోలో ఆవిడ పేరు దాసినావేటిరా?" అంది తల్లి.

అతను తన ఫోను తీసి రమ్యకి ఇచ్చాడు. రమ్య ఫోను పట్టుకుంది. సన్యాసమ్మ గోడకి ఆనుకుని కూర్చుని తను చేసిందంతా వరసగా చెప్పింది. ఎవరూ మళ్ళీ ఇలాంటి పొరపాటు చేయకూడదని అన్నీ విడమరిచి చెప్పింది. ఎన్ని రోజులు ఒంటిపూట ఉన్నారో, ఏ పూట తిన్నారో, ఆఖరి రోజు నీళ్ళు సైతం ఎలా మానేశారో, అందువల్ల బరువులెత్తే పిల్లని అరుగు నడిచే పిల్ల అని ఎలా అనుకుందో, అంతా. చివర కెమెరా వైపు చేతులు జోడించింది.

*

వీడియో అందరికీ చేరింది. కమిటీ అరుగు మీద గుడ్డ తీయించింది. నస్రీన్ మళ్ళీ పనిలోకి వచ్చింది. ఓడిపోయిన పిల్లలందర్నీ తిరిగి పిలుస్తామన్నారు. హన్వికకి డిసెంబరు ఒకటో తేదీ ఇచ్చారు. అదీ మంగళవారమే.

సన్యాసమ్మ ఆ రోజుల్లో దీపం పెట్టేది గానీ అమ్మవారి పటం వైపు తలెత్తి చూసేది కాదు. వత్తి వెలిగించి, నేల చూస్తూ దండం పెట్టుకుని లేచిపోయేది. వీధిలోకి వెళ్ళాలంటే చెంగు చెవుల మీదుగా కప్పుకునేది. నలుగురూ వేలెత్తి చూపుతారని, దానికి తను తగినదేనని, మనసు గట్టి చేసుకుంది.

పరీక్షకి ముందు రోజు సోమవారం, మధ్యాహ్నం ఎండలో పూలకని బజారుకి వెళ్ళింది. పూల కొట్టు ముందు ఇద్దరు ఆడవాళ్ళు మాట్లాడుకుంటున్నారు. ఒకావిడ పక్కన పన్నెండేళ్ళ పిల్ల చెట్టు నీడన కూలబడి ఉంది.

"రెండ్రోజులు ఒంటిపూట ఉంచినావు కదా వదినా. రేపు మంచినీళ్ళు కూడా ఇవ్వకు. ఊపిరి మారిపోతాది, అరుగు నడక జట్టుకి రాసేస్తాది."

"మా దానికి నడకొస్తేగా?"

"నడక అదే వస్తాదిలే. అటేపు దారి పడటం ముఖ్యం. బరువుల్లో నాలుగే సీట్లు, దూరం ఆటలన్నీ కలిపి నలభై. కోచింగు సెంటరోళ్ళు కూడా ఇదే చేయిస్తన్నారు. సన్యాసమ్మ ఉపవాసం అంటారు దీన్ని."

సన్యాసమ్మ చేతిలో పూలమాల అలాగే ఉండిపోయింది. ఆ రెండో ఆవిడ తల తిప్పి, చెంగు చాటున ఉన్న మొహం గుర్తుపట్టింది. వేలెత్తి చూపలేదు. గబగబా వచ్చి వంగి కాళ్ళకి దండం పెట్టింది.

"మీరే కదమ్మా? మీరు చెప్పబట్టి మాలాంటోళ్ళకి దారి దొరికింది. మా గుంటని దీవించండమ్మా."

నీడలో కూర్చున్న పిల్ల లేచి వచ్చింది. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. ఆ పిల్ల దండం పెట్టడానికి వంగి, తిరిగి లేవడానికి సన్యాసమ్మ మోకాలు పట్టుకోవాల్సి వచ్చింది.

"ఏమైనా తిన్నావేటమ్మా?" అంది సన్యాసమ్మ.

పిల్ల తల్లి వైపు చూసింది. "తిన్నానండి" అంది.

ఆ మాట ఆ పిల్లకి ఎవరు నేర్పారో సన్యాసమ్మకి తెలుసు. పూలు అక్కడే బల్ల మీద పెట్టి ఇంటికి వచ్చేసింది.

సాయంత్రం నస్రీన్‌కి ఫోను చేయించింది. నస్రీన్ గొంతు అలసటగా ఉంది. "నాకూ తెలుస్తోందమ్మా. వారం నుంచీ వచ్చిన పిల్లలందరిదీ ఒకటే ఊపిరి. ఉపవాసమా అంటే అందరూ లేదనే అంటున్నారు. నిన్న ఒక పాప అరుగు మీదే కళ్ళు తిరిగి పడిపోయింది. సూదితో రక్తం తీస్తే తెలుస్తుంది. పిల్లల్ని సూదులతో పొడవక్కర్లేకుండా చేద్దామనే ఈ యంత్రం చేశాను. ఎవరికి ఏ పరీక్ష తగునో చెప్పడం వరకే దానికి వచ్చు. నిజం చెప్పించడం రాదు."

"నాను సెప్పిన నిజమే ఇంత పని సేసింది తల్లీ" అంది సన్యాసమ్మ.

"మీరు చెప్పకపోతే హన్వికకి రేపటి రోజు ఉండేది కాదు" అంది నస్రీన్. "అది కూడా నిజమే." అవతల పాప ఏదో అడుగుతోంది. జ్వరం తగ్గిన పిల్ల గొంతు. సన్యాసమ్మ ఆ గొంతు వింటూ ఫోను పెట్టేయకుండా కాసేపు ఉండిపోయింది.

రాత్రి భోజనాల దగ్గర ఆమె కొడుకుతో, "అటక మీద పెద్ద గిన్నె దించరా" అంది. "అడ్డాకు విస్తళ్ళు ఎన్ని దొరికితే అన్ని తే."

"దేనికమ్మా? మొక్కేటైనా ఉందా?"

"మొక్కులేటీ లేవు."

*

మర్నాడు తెల్లవారకముందే ఆ ఇంట్లో పొయ్యి వెలిగింది. అత్తా కోడళ్ళు పెద్ద గిన్నె నిండా అన్నం వండారు, ముద్దపప్పు చేశారు, నెయ్యి కాచారు. హన్విక మంచినీళ్ళ క్యాన్లు మోసి తండ్రి బ్యాటరీ ఆటోలో పెట్టింది. నలుగురూ ఎక్కి శిక్షణాలయం గేటుకి వెళ్ళారు.

అప్పటికే పిల్లలూ తల్లిదండ్రులూ గోడ పొడుగునా బారులు తీరి ఉన్నారు. పిల్లలు చాలామంది కూర్చునే ఉన్నారు. ఆడుకుంటున్న పిల్ల ఒక్కతీ లేదు.

గౌరునాయుడు గిన్నె దించాడు. రమ్య వరస దగ్గరికి వెళ్ళి, "రండి బాబూ, వేడివేడి అన్నం ఉంది. తిని వెళ్ళండి" అని పిలిచింది. పిల్లలు గిన్నె వైపు చూశారు. పెద్దవాళ్ళు పిల్లల భుజాల మీద చేతులు వేసుకున్నారు.

"మావాళ్ళు తినేశారమ్మా" అన్నాడొకాయన.

"మావాళ్ళూ తినేశారు" అంది ఇంకొకావిడ.

సన్యాసమ్మ ఆటో దిగింది. తలమీద చెంగు తీసేసింది. గేటు ముందు దుమ్ములోనే కూర్చుని, ముందు ఒక అడ్డాకు పరుచుకుంది.

"ఆ సన్యాసమ్మని నానే" అంది. మామూలు గొంతే, దగ్గర్లో ఉన్నవాళ్ళకే వినపడింది. "ఆ ఉపాసం నాదే. దానికి ఫలం లేదు. నానే సెప్తన్నాను, ఇనండి."

రమ్య వడ్డించింది. పుట్టి బుద్ధెరిగాక మంగళవారం దీపం పెట్టకుండా సన్యాసమ్మ మెతుకు ముట్టలేదు. ఆ రోజు ఇంట్లో దీపం ఇంకా వెలగలేదు. ఆమె కళ్ళు మూసుకోలేదు. ఎవర్నీ తలుచుకోలేదు. పప్పూ అన్నం కలిపి, మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. నమలడానికి చాలాసేపు పట్టింది. హన్విక పక్కన కూర్చుని తన ఆకు పరుచుకుని ఆకలిగా తినడం మొదలుపెట్టింది. గౌరునాయుడూ కూర్చున్నాడు. దారిన పోయేవాళ్ళు ఆగి చూస్తున్నారు. కొందరు ఫోన్లు ఎత్తారు. నలుగురూ తలలు వంచుకుని, రోడ్డు పక్కన, వరసగా తింటున్నారు.

నిన్నటి పూల కొట్టు దగ్గరి పిల్ల బారులో మూడోదో నాలుగోదో. హన్విక ముద్ద కలపడం కన్నార్పకుండా చూస్తోంది. తల్లి ఆ పిల్ల మొహం గడ్డం పట్టుకుని అటు తిప్పింది. పిల్ల మళ్ళీ ఇటు తిరిగింది.

రమ్య ఇంకో ఆకు తీసి నీళ్ళతో తుడిచి, హన్విక పక్కన ఖాళీగా ఉన్న చోట పరిచింది. అన్నం పెట్టి, పప్పు వేసి, నెయ్యి పోసింది. చల్లారిపోకుండా పైన ఇంకో ఆకు బోర్లించింది.